విషాద నిర్వేదములు: సంచారిభావములా, స్థితులా?

కావ్యములను బోధించునప్పుడు గాని, వానిపై వ్యాసములు వ్రాయునప్పుడు గాని, దుఃఖము కనబడిన చోటనెల్ల కరుణరసమని పేర్కొనుట మనకు పరిపాటియైనది. పాత్ర విలపించినచో కరుణము. రాజ్యము వలదన్నచో శాంతము. ఈ రెండు పేళ్ళతో పని ముగిసినదని తలచి ముందుకు సాగుదుము. కాని విలపింపను లేక, సన్న్యసింపను లేక, చేయవలసిన పని యెదుట నుండగా చేతులు వ్రాలవైచి కూర్చుండు మానవుడొకడు కలడు. అతనికి కన్నీరు రాదు; విరక్తియు కలుగదు; తనపై తనకే రోత మాత్రము కలుగును. ఈ స్థితికి మన విమర్శలో నిలుకడయైన చోటు లేదు. ఆ చోటును వెదకుటయే ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని.

మా ప్రతిపాదన యిది. ఈ స్థితి యొక్క అవయవములను ప్రాచీనాలంకారికులు దాదాపుగా అన్నిటిని గుర్తించిరి. అయినను వానిని సంచారిభావములుగా, అనగా వచ్చిపోవు తరంగములుగా మాత్రమే లెక్కించిరి. ఇతిహాసకవులో, ఆ తరంగము కదలక నిలిచిపోవుటను కూడ చూచిరి. శాస్త్రము చెప్పినదానికిని కావ్యము చూపినదానికిని నడుమ నున్న యీ యెడమును గమనింపనిచో, కుంగిన మనస్సును పండిన వైరాగ్యముగా భ్రమపడుదుము. ఇట్టి భ్రమ పరీక్షాపత్రములో ఒకటి రెండు మార్కులతో పోవునది కాదు. కావ్యములోని దుఃఖమును మనమెట్లు చదువుదుమో, మన ప్రక్కనున్న మనుష్యుని దుఃఖమును గూడ అట్లే చదువ నలవాటుపడుదుము.

1. పదముల సాక్ష్యము

విషాదశబ్దమునకు మూలము 'సద్' ధాతువు. కూర్చుండుట, క్రుంగుట, దిగబడుట దాని యర్థములు. 'వి' ఉపసర్గము చేరగా విషాదము. 'అవ' చేరగా అవసాదము. ఇదే ధాతువునకు 'ప్ర' చేరగా ప్రసాదమైనది. బురద అడుగునకు దిగి నీరు తేటపడుట ప్రసాదము. మనస్సే అడుగునకు దిగిపోవుట విషాదము. రెండింటను దిగుటయే కలదు. ఒకచోట మలినము దిగును. వేఱొకచోట మనిషి దిగును. గీతయందు మొదటి యధ్యాయమునకు విషాదయోగమని పేరు. రెండవ యధ్యాయపు తుదిని స్థితప్రజ్ఞుని గూర్చి చెప్పునప్పుడు వచ్చు మాట ప్రసాదము. ఒకే ధాతువు నుండి వ్యాధికిని స్వస్థతకును పేళ్ళు పుట్టుట శబ్దశాస్త్రవిశేషము మాత్రమే కాదని మా యభిప్రాయము.

తెలుగున 'కుంగు' ధాతువు ఇదే భావమును వహించుచున్నది. నేల కుంగును, గోడ కుంగును, ప్రొద్దు కుంగును, మనస్సును కుంగును. నేడు మనోవైద్యులును పత్రికలవారును డిప్రెషన్ అను మాటకు 'కుంగుబాటు' అని వాడుచున్నారు. ఇది ఇంగ్లీషునకు పెట్టిన ముసుగు గాదు. మన నుడికారములో ముందే యున్న యూహ. తక్కిన దేశ్యపదములు దీనికి దగ్గఱవియే కాని సమానములు కావు. 'దిగులు' అను మాటలో భయచ్ఛాయ కలదు. నిఘంటువులును దానికి భయమను నర్థమును చెప్పినవి. 'బెంగ'కు విషయముండవలెను, తల్లి ఊరికి పోయినప్పుడు బిడ్డ బెంగపెట్టుకొనును, తల్లి రాగానే అది తీఱును. 'చింత'కు ఆలోచన ప్రధానము. కుంగుబాటునకు మాత్రము విషయముండి తీఱవలెనను నియమము లేదు. కోరినది చేతికి వచ్చినను కుంగిన మనస్సు లేవకపోవచ్చును. ఈ భేదమును జనవ్యవహారము ఎఱుగును; విమర్శ మఱచినది.

2. శాస్త్రము చూచినది

భరతుడు నాట్యశాస్త్రపు 7వ అధ్యాయమున 33 వ్యభిచారిభావములను లక్షణములతో వివరించెను. వానిలో మొదటిది నిర్వేదము. దారిద్ర్యము, వ్యాధి, అవమానము, తిట్లు, ఇష్టజనవియోగము, తత్త్వజ్ఞానము దానికి విభావములు. తలపెట్టిన కార్యము తుదముట్టకపోవుట చేతను, దైవము ప్రతికూలించుట చేతను పుట్టునది విషాదము. దైన్యమును గూర్చి చెప్పుచు భరతుడు అధైర్యమును, తలనొప్పిని, అవయవములు బరువెక్కుటను, పరధ్యానమును, శరీరశుద్ధిని విడిచిపెట్టుటను అనుభావములుగా పేర్కొనెను. గ్లానియందు మాట సన్నగిల్లును, నడక మందగించును, ఉత్సాహముడుగును. జడతయందు ఏ పనికిని బుద్ధి తోచదు, మాట పెగలదు, ఱెప్పవేయని చూపు మిగులును. చింతయందు తల వంచుకొని తలపోయుటయు, మేను చిక్కుటయు కలవు.

ఈ యాఱింటిని ఒక్కచోట చేర్చి చూచినచో ఏ రూపము తేలును? నేటి మనోవైద్యులు కుంగుబాటునకు చెప్పు లక్షణములు వీనికి చాల దగ్గఱగా నున్నవి. మనస్సు క్రుంగుట, ప్రియములైన వానియందు ప్రీతి నశించుట, అలసట, నిద్రాహారములు తప్పుట, కదలికలు మందగించుట, తాను నిరర్థకుడనను భావము: ఇట్టి వానిలో పెక్కు కలిసి, దాదాపు ప్రతిదినమును, దినములో అధికభాగము, కనీసము రెండు వారములు నిలిచినచో వారు దానిని రోగముగా పరిగణింతురు. గమనింపవలసినది, అవయవముల విషయమున కంటె కాలము విషయమున భేదము హెచ్చు. భరతుడు తరంగములను వేర్వేఱుగా వర్ణించెను. వైద్యుడు అవి కలిసి ఎన్నిదినములు నిలిచినవని అడుగుచున్నాడు. సంచారి సంచరింపక నిలిచినచో దానికి పేరేమి? ఈ ప్రశ్న రసశాస్త్రమునకు పుట్టలేదు. పుట్టకపోవుట దోషమును గాదు. ఏలయన ఆ శాస్త్రమునకు ప్రయోజనము రంగస్థలమున సామాజికునికి రసాస్వాదము కలిగించుట గాని, రోగనిదానము గాదు.

దశరూపకకర్తయైన ధనంజయుడు నిర్వేదమునకు సారమును ఒక్క మాటలో చెప్పెను: తన్ను తాను అవమానించుకొనుట. ఆపద వలన గాని, ఈర్ష్య వలన గాని, తత్త్వజ్ఞానము వలన గాని అది పుట్టవచ్చునట. విషాదమునకు సారమాతని దృష్టిలో సత్త్వము క్షీణించుట. ఈ రెండు లక్షణములును ఎంత సూక్ష్మములో చెప్పనక్కఱలేదు. అయినను నిర్వేదమునకు చెప్పిన విభావములలో తత్త్వజ్ఞానము ఆపదతో కలిసి ఒకే పంక్తిని కూర్చుండుట తరువాతి చిక్కులకెల్ల మూలమైనది. మమ్మటుడు కావ్యప్రకాశమున నిర్వేదమును శాంతరసమునకు స్థాయిగా అంగీకరించెను. అమంగళప్రాయమైన నిర్వేదమును పట్టికలో మొట్టమొదట చెప్పుటకు కారణమేమని ప్రశ్నించి, అది వ్యభిచారియే అయినను స్థాయియు కాగలదని సూచించుటకే యని సమాధానము చెప్పెను. అభినవగుప్తునకు ఇది రుచింపలేదు. ఆత్మజ్ఞానమే శాంతమునకు స్థాయియని ఆయన సిద్ధాంతము. ఈ వివాదమును మనము సాధారణముగా తత్త్వచర్చగా చదువుదుము. దీనిలో ఒక మానవవిషయము కూడ కలదు. దారిద్ర్యము చేత, అవమానము చేత తన్ను తాను తిట్టుకొనువానిని, జ్ఞానము చేత లోకమును విడిచినవానిని ఒకే పేరుతో పిలువవచ్చునా? అభినవగుప్తుడు పిలువరాదనెను. మన పాఠ్యవ్యాఖ్యలు పిలుచుచునే యున్నవి.

వైద్యశాస్త్రము ఈ భేదమును ముందే పాటించినది. చరకసంహిత సూత్రస్థానమున 25వ అధ్యాయములో ఆయా వర్గములలో శ్రేష్ఠములైన వానిని లెక్కించు సందర్భమున, శరీరమును శోషింపజేయు వానిలో శోకమునకును, రోగమును వృద్ధిపఱచు వానిలో విషాదమునకును అగ్రస్థానము చెప్పబడినది. శోకము వేఱు, విషాదము వేఱు. రెండింటి పనియు వేఱు. ఆలంకారికుడు కరుణమునకు స్థాయిగా శోకమును గ్రహించి విషాదమును సంచారులలో చేర్చెను. వైద్యుడు రెండింటికిని సమానమైన గౌరవమిచ్చి రెండు వర్గములకు అధిపతులను చేసెను.

3. అర్జునుడు: ప్రకృతిభేదము నిలుచునా?

విషాదమును వివరించునప్పుడు భరతుడు పాత్రల ప్రకృతులను బట్టి అనుభావములను విభజించెను. ఉత్తమ మధ్యమ పాత్రలు సహాయమును వెదకుట, ఉపాయమాలోచించుట, నిట్టూర్చుట వంటివానిచే విషాదమును ప్రకటింతురు. అధమపాత్రలకు ఇటునటు పరుగెత్తుట, నోరెండుట, పెదవి మూలలు నాకుట, నిద్ర మొదలగునవి చెప్పబడినవి. రంగస్థలమున నటునికి ఈ విభాగము ఉపకరించుననుటలో సందేహము లేదు.

గీత ప్రథమాధ్యాయమున అర్జునునకు కలిగిన వికారములను దీనితో పోల్చి చూతము. అతని యవయవములు పట్టుదప్పినవి; నోరెండినది; మేను వణకినది; చర్మము మండినది; గాండీవము చేజాఱినది; నిలువలేక రథమున చతికిలబడెను. మూడులోకములలో పేరు మోసిన వీరునకు, ఉత్తమప్రకృతికి, అధమునకు చెప్పిన అనుభావము వచ్చిపడినది. ఇందు ఔచిత్యభంగమున్నదని ఏ యాలంకారికుడును ఆక్షేపించినట్లు కానరాదు. ఆక్షేపింపరాదు గూడ. విషాదము దేహమును పట్టినప్పుడు కులమును, విద్యను, శౌర్యమును విచారింపదని ఇతిహాసకవి యెఱుగును. చదువుకొన్నవాడు ఇట్లు కుంగునా, ఇంత మగవాడు ఇట్లు కూలబడునా యని లోకము అడుగు ప్రశ్నకు ఈ ఘట్టమే ప్రత్యుత్తరము.

తెలుగు భారతమున మాత్రము ఈ ఘట్టమునకు మూలమునందున్న విస్తారము లేదు. తిక్కన భీష్మపర్వమున గీతను మిక్కిలి సంక్షేపించెను. అందుచేత తెలుగు పాఠకునకు భారతములో విషాదము ప్రధానముగా కనబడునది అర్జునునియందు గాదు. అరణ్యపర్వమున దుర్యోధనునియందును, శాంతిపర్వము మొదలుకొని ధర్మరాజునందును. ఆ రెండింటిని ఇక పరిశీలింతము.

4. దుర్యోధనుడు: ఓదార్పు చేరని చోటు

ఘోషయాత్రాఘట్టము తెలుగున ఎఱ్ఱన పూరించిన భాగములోనిది. పాండవుల కష్టమును చూచి సంతసింపవలెనని వనమునకు పోయిన దుర్యోధనుడు చిత్రసేనుడను గంధర్వునిచే కట్టువడెను; ధర్మరాజు పంపగా పోయి భీమార్జునాదులే అతనిని విడిపించిరి. హస్తినకు మరలు త్రోవలో, జరిగినది తెలియని కర్ణుడు ఎదురై, గంధర్వులను గెలిచివచ్చితివని అభినందించెను. విషాదమును వర్ణించిన కవులలో ఇంత క్రూరమైన సన్నివేశమును కూర్చినవారు అరుదు. నిందకన్న పొగడ్త అతనిని హెచ్చుగా కుంగదీసినది. ఏలయన పొగడ్తకును తన యెఱుకకును నడుమ నున్న యెడము అప్పుడతనికి నగ్నముగా కనబడెను. దుర్యోధనుడు నిజము చెప్పి ప్రాయోపవేశమునకు కూర్చుండెను.

అప్పుడు ముగ్గురు మూడు తీరుల ఓదార్చిరి. నీ రాజ్యమున వసించువారు నీకు తోడ్పడుట వారి ధర్మము, ఇందు సిగ్గేమని కర్ణుని యుక్తి. వారు చేసిన మేలునకు సంతోషించి వారి రాజ్యము వారికిమ్మని శకుని హితవు. దుశ్శాసనుడు కాళ్ళపై బడి యేడ్చెను. యుక్తి, నీతి, ప్రేమ: మనుష్యుడు మనుష్యునకీయగలిగిన మూడు సాధనములును ఇచట విఫలములైనవి. కర్ణుని యుక్తిలో తప్పు లేదు. శకుని హితవు ఆతడు జీవితములో చెప్పిన మంచి మాటలలో నొకటి. తమ్ముని యేడ్పు కపటము గాదు. అయినను దుర్యోధనుడు దర్భలపై నుండి లేవలేదు. కవి ఇక్కడ పాత్ర మొండితనమును చూపుచున్నాడని చెప్పుట సులభము. మాకు తోచినది వేఱు. కుంగిన మనస్సునకు కారణములను ఖండించి చూపుట వలన ప్రయోజనము లేదని, అది వాదములో ఓడి కూర్చున్నది గాదని, కవి గుర్తించినాడు.

మఱి అతడు లేచుట ఎట్లు? దానవులు కృత్యను పంపి అతనిని పాతాళమునకు రప్పించి, నరకాసురుని యాత్మ కర్ణునియందు ప్రవేశించియున్నదని, జయము నీదేయని నమ్మబలికిరి. తిరిగి వచ్చిన తరువాత అదంతయు అతనికి స్వప్నమువలె తోచెను. మఱునాడు కర్ణుని ప్రతిజ్ఞ విని లేచెను. విషాదము తీఱినది, కాని ప్రసాదము రాలేదు. ఆ ఖాళీచోటును ద్వేషము నింపినది. విషాదము పోయినంతనే స్వస్థత కలిగినట్లు గాదని, అది పోవు త్రోవనుబట్టి మనిషి భవిష్యత్తు నిర్ణయమగునని ఈ కథ మనకు తెలుపును. కురుక్షేత్రమునకు బీజములెన్నియో కలవు. ఈ లేచుట వానిలో నొకటి.

5. ధర్మరాజు: వైరాగ్యమని పేరు పెట్టుకొన్న విషాదము

మహాభారతమునకు అంగిరసము శాంతమని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాల్గవ ఉద్యోతమున నిరూపించెను. సమగ్రకావ్యమును గూర్చి ఆ నిర్ణయము సర్వమాన్యము. దాని బలము వలన, యుద్ధానంతరము ధర్మరాజు పలికిన పలుకులన్నియు శాంతరసప్రవాహములోని బిందువులేయని మన వ్యాఖ్యాతలు తఱచు చెప్పుచుందురు. గంగ యొడ్డున తర్పణములు విడిచి, కర్ణుడు తన యన్నయని తెలిసికొని, గెలుపు తనకు ఓటమిగనే తోచుచున్నదని, రాజ్యము వలదని, అడవికి పోయెదనని ఆతడనును. పైకి చూడ ఇది విరక్తియే. చుట్టునున్నవారు మాత్రము దీనిని విరక్తియని ఒక్కరును నమ్మలేదు. మన విమర్శకులు గమనింపవలసిన సాక్ష్యమిదియే.

సంస్కృతమూలమున ద్రౌపది మాట మిక్కిలి తీక్ష్ణము. దారి తప్పిన మనస్సు గలవానికి ధూపముల చేత, అంజనముల చేత, నస్యకర్మ చేత, ఔషధముల చేత చికిత్స చేయవలెనని ఆమె స్పష్టముగా ననినది. మోక్షచర్చకు పెన్నిధియైన పర్వము తొలుతనే, భర్త వైరాగ్యవాక్యములు విని, ఒక స్త్రీ వైద్యుని తలచినది! భీముడు మఱొక యడుగు ముందుకు వేసెను. వ్యాధి శారీరమనియు మానసమనియు రెండు తెఱగులనియు, ఒకదాని నుండి వేఱొకటి పుట్టుననియు అతడు చెప్పెను. బుద్ధిసూక్ష్మతకు పేరు గాంచని పాత్ర నోట ఈ మాటను పెట్టుటలో కవికి ఏదో యుద్దేశ మున్నది. పండితులు ధర్మసూక్ష్మములు వెదకుచుండగా, ఆకలిని ఎఱిగిన భీముడు దేహమును జ్ఞప్తికి తెచ్చినాడు.

ఈ విషాదము ఒక్కసారితో తీఱలేదు. అన్నదమ్ములు చెప్పిరి, వ్యాసుడు చెప్పెను, కృష్ణుడు పూర్వరాజుల కథలు చెప్పెను, పట్టాభిషేకము జరిగెను, అంపశయ్యపై భీష్ముడు శాంత్యనుశాసనికపర్వములు నిండ ధర్మములు చెప్పెను. ఇంత యుపదేశము విన్న తరువాత, భీష్ముడు గతించగా, అశ్వమేధపర్వారంభమున ధర్మరాజు గంగ యొడ్డున మరల కూలబడెను. అప్పుడతనిని ఓదార్చిన మొదటివాడు ధృతరాష్ట్రుడు. నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న మేము దుఃఖింపవలెను గాని నీవు కాదని ఆ వృద్ధుడు చెప్పవలసివచ్చెను. తారతమ్యమును బట్టి తీఱునదైనచో ధర్మరాజు దుఃఖము ఆ మాటతో తీఱవలెను. అది తీఱలేదు. ఆ తరువాత కృష్ణుడు వ్యాధిద్వైవిధ్యమును మరల చెప్పి, ఇప్పుడు నీకు వచ్చినది మనస్సుతో ఒంటరిగా చేయవలసిన యుద్ధము, అందు బాణములును బంధువులును అక్కఱకు రారని హెచ్చరించెను.

సంచారిభావమునకు ఇంత దీర్ఘచరిత్ర యుండునా? పర్వములకు పర్వములు గడచిన పిదప, మానినదనుకొన్న పుండువలె మరల రేగు భావమును ఏ శాస్త్రలక్షణముతో సంచారియని పిలువగలము? శోకము స్థాయిగా గల కరుణమనుటకును వీలులేదు. చచ్చినవారికొఱకు ఏడ్చుట కంటె చంపిన తన్ను తాను నిందించుకొనుటయే ఇందు హెచ్చు. ధనంజయుడు చెప్పిన స్వావమాననము ఇచట సాంగముగా నున్నది. కావున ఇది నిర్వేదమే. కాని తత్త్వజ్ఞానము వలన పుట్టినది గాదు, ఆపద వలన పుట్టి నిలుకడ చెందినది. సమగ్రకావ్యము శాంతమున పర్యవసించుగాక. ఈ ఘట్టము శాంతము గాదు, శాంతమునకు చేరవలసిన దూరమును కొలుచు ఘట్టము.

6. వైరాగ్యమునకు గుఱుతులు

అయినచో నిజమైన వైరాగ్యమును గుర్తించుట ఎట్లు? ధూర్జటి రచనగా ప్రసిద్ధమైన శ్రీకాళహస్తీశ్వరశతకమును ఉదాహరణముగా గ్రహింతము. రాజసేవయందు ఆ కవికి గల రోత సుప్రసిద్ధము. తన్ను తాను నిందించుకొనుటయు అందు లేకపోలేదు. పైపైని చూచినచో దుర్యోధన ధర్మరాజుల పలుకులకును ఈ శతకమునకును పోలిక కలదు. భేదములు మూడు మాకు కనబడుచున్నవి.

మొదటిది సంబోధనము. శతకకవి పద్యము పద్యమున శివుని పిలుచును, నిష్ఠురములాడును, అడుగును. వినువాడొకడు కలడను విశ్వాసము సడలలేదు. కుంగిన మనస్సునకు మొదట పోవునది ఆ విశ్వాసమే. భరతుడు జడతకు మౌనమును అనుభావముగా చెప్పుట ఇందుకు తార్కాణము. రెండవది రోతకు గుఱి. విరక్తుడు వస్తువులను అల్పములని విడుచును. కుంగినవాడు వస్తువులు గొప్పవే, తానే వానికి తగనివాడనని విడుచును. మూడవది శక్తి. విరక్తుని తిరస్కారములో కోపము, హాస్యము, ఛందోవేగము కలవు, సత్త్వము క్షీణింపలేదు. విషాదమన సత్త్వక్షయమని లక్షణము చెప్పిన తరువాత, సత్త్వము పొంగుచున్న పద్యమును విషాదమనుటయు, సత్త్వముడిగిన పలుకును వైరాగ్యమనుటయు సమానముగా శాస్త్రవిరుద్ధములు.

7. ఆధునికులు

భావకవిత్వము వచ్చిన తరువాత విషాదమునకు తెలుగున మఱియొక గతి పట్టినది. దేవులపల్లి కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షము' 1925లో వెలువడినది. అందు దుఃఖము ఏ కార్యభంగము చేతనో కలిగి తొలగునది గాదు. అదియే కవికి నివాసము, అలంకారము, స్వాతంత్ర్యము. సంచారి స్థాయియైనదని ఇచట నిస్సంశయముగా చెప్పవచ్చును. ఇది తెలుగు కవిత్వమునకు లాభమే. విషాదమునకు ఒక పురాణపాత్రగాని, యుద్ధముగాని, రాజ్యనాశముగాని కారణముగా నుండనక్కఱలేదని, సామాన్యుడు తన పేరిట దుఃఖింపవచ్చునని ఆ కవిత్వము ఒప్పించెను. అయినను దానికొక హద్దు కలదు. పాడుకొనగల దుఃఖము అంతమేరకు సత్త్వము గల దుఃఖము. మాధుర్యముగా మారిన విషాదము వినువానికి ఆస్వాదయోగ్యమే. పాడలేనివాని మాట మిగిలియే యున్నది.

ఆ పాడలేనివాని కొఱకు తెలుగున నవల రావలసివచ్చెను. 1940 దశకమున వచ్చిన రెండు నవలలు ఇందుకు స్మరణీయములు. త్రిపురనేని గోపీచందు 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు వంశప్రతిష్ఠను నెత్తికెత్తుకొని, దాతృత్వము పేరిట ఆస్తిని పోగొట్టుకొని, పిదప లోకమును పరిహసించుచు, ఆ పరిహాసము తనపైకే తిరుగగా శ్మశానమున అంతమొందును. కథకుడు పేరులోనే అతనికి 'అసమర్థు'డని ముద్ర వేసినాడు. ఆ ముద్ర లోకము వేసినదా, కథకుడు వేసినదా, సీతారామారావు తనకు తానే వేసికొన్నదా యని పాఠకుడు నవల పొడవున తేల్చుకొనవలెను. మా దృష్టిలో అది స్వావమాననమునకు ఆధునికనామము. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి వైద్యుడు; తల్లిని గూర్చి లోకమనుకొను మాట అతని వెంట నడచుచుండును. ఇతరులకు చికిత్స చేయవలసినవాడు తన లోపలి వెలితికి మందు కానక తిరుగుట ఆ రచనలోని మూలవ్యథ.

ఈ రెండు నవలలను గూర్చి మన విమర్శ ఎక్కువగా పాశ్చాత్య మనోవిశ్లేషణము యొక్క ప్రభావమును వెదకినది. ఆ ప్రభావము లేదని మేమనము. కాని ద్రౌపది భీములు మాటలాడిన సాహిత్యమునకు మానసికవ్యాధి యను నూహ పరదేశమునుండి దిగుమతి కావలసిన యవసరము లేదు. గోపీచందు బుచ్చిబాబులు తెచ్చిన క్రొత్తదనము ఊహయందు గాదు, కాలపరిమాణమునందు. నాటకమున క్షణికముగా, ఇతిహాసమున మజిలీలుగా కనబడిన స్థితి నవలయందు దినదినమును, గంటగంటకును కనబడినది. నిలిచిపోయిన తరంగమును చూపుటకు తగిన ప్రక్రియ దొరికినది.

8. ఒక యాక్షేపము

నేటి వైద్యపుమాటను ప్రాచీనపాత్రలకు అంటగట్టుట న్యాయమాయని అడుగువారుందురు. ధర్మరాజునకు రోగనిర్ణయము చేయుట విమర్శకుని పని గాదు. అది మా యుద్దేశమును గాదు. పాత్రకు దేహము లేదు, నాడి లేదు. పాత్ర కవి యొక్క నిర్మాణము. మేము చెప్పునది ఇంతే: కవి నిర్మించిన పాత్రచుట్టు కవియే నిలిపిన ఇతరపాత్రలు ఆ స్థితిని వైరాగ్యముగా గాక వ్యాధిగా పలికినప్పుడు, ఆ పలుకులను ప్రక్కకు నెట్టి రసనామమొకటి అతికించుట పాఠమునకు అన్యాయము. వైద్యపుమాట లేకున్నను ఈ వాదము నిలుచును. చరకుని మాటతోను, ధనంజయుని మాటతోను, ద్రౌపది మాటతోను నిలుచును.

వేఱొక వైపు నుండి వచ్చు ఆక్షేపమును గూడ స్మరింపవలెను. ప్రతి దుఃఖమును వ్యాధియన్నచో కవిత్వమునకు చోటెక్కడ? మేము ప్రతి దుఃఖమును అట్లనలేదు. సుందరకాండమున లంకయంతయు వెదకి సీత కానరాక హనుమంతుడు కుంగెను. మరణమును గూడ తలచెను. కాని నిర్వేదమునకు లొంగరాదని తనకు తానే చెప్పుకొని, ఇంకను చూడని అశోకవనము వైపు దృష్టి సారించెను. భరతుడు ఉత్తమపాత్రకు చెప్పిన ఉపాయచింతనమునకు ఇంతకన్న చక్కని లక్ష్యము లేదు. అది నిజముగా సంచారి, వచ్చినది, పోయినది. హనుమంతుని విషాదము వంటిది మనలో పెక్కుమందికి కలుగును, దానంతట అదియే తొలగును. దోషమెక్కడ కలదనగా, హనుమంతుడు లేచెను గదా యని ధర్మరాజును దెప్పుటలో కలదు.

బోధకులమైన మనకు ఈ వివేకము మిక్కిలి యవసరము. శాంతిపర్వపాఠము చెప్పునప్పుడు వినువారిలో కుంగినవాడొకడుండవచ్చును. రాజ్యము వలదనుట మహోన్నతస్థితి యని మనము చెప్పినచో, అతడు తన యనాసక్తికి, తన రోతకు ఆ పేరు పెట్టుకొని మఱింత లోనికి దిగవచ్చును. హనుమంతునివలె లెమ్మని గద్దించినచో, లేవలేని తనను మఱింత నిందించుకొనవచ్చును. భారతము ఈ రెండును చేయలేదు. ధర్మరాజు చుట్టును అన్నదమ్ములు కూర్చుండిరి, విసిగిరి, కోపించిరి, మరల కూర్చుండిరి. ఔషధమును తలచినవారు తలచిరి, కథ చెప్పినవారు చెప్పిరి. అతడు రెండవసారి కూలినప్పుడు, ఇదివఱకే చెప్పితిమి గదా యని విడిచిపోలేదు. విషాదము నుండి ప్రసాదమునకు గల దూరమును ఆ కావ్యము పర్వములతో కొలిచినది. ఆ కొలతను ఒక్క రసనామముతో చెఱపివేయకుండుట విమర్శకుని కర్తవ్యమని మా మనవి.